కనిపించని కుట్లు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అనగానే మనకు నకారా గారి కేసు గుర్తుకు వస్తుంది. 1982లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆ తీర్పు గురించి నాకన్నా బాగా చెప్పగలవారు ఈ వేదిక మీదనే ఉన్నారు. నన్ను మాత్రం కార్యదర్శి గారు ఆరోగ్యం మీద అరగంట మాట్లాడమన్నారు. బి.పి., షుగరు గురించి ప్రతి ఏడూ ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు, మీరు శ్రద్ధగా వింటూనే ఉన్నారు, ఆ వెంటనే స్వీటు పొట్లం విప్పుతూనే ఉన్నారు. అందుచేత ఈసారి వేరే విషయం తీసుకున్నాను. పొట్ట కోయకుండా, నోటి నుంచో మలద్వారం నుంచో మూత్రమార్గం నుంచో గొట్టం పంపించి చేసే ఆపరేషన్ల తరువాత లోపల మిగిలే గాయం సంగతి. దానిని డాక్టరు ఎలా మూస్తాడు, శరీరం ఎలా మూసుకుంటుంది, అది మూసుకునే లోపల ఇంట్లో మనం ఎలా ఉండాలి అన్నది విషయం.

ఈ వయస్సులో ఇటువంటివి చేయించుకోని వాడు మన సంఘంలో అరుదు. ఒకరికి పేగులో పాలిప్, ఒకరికి పిత్తనాళంలో రాయి, ఒకరికి ప్రోస్టేటు. ఉదయం వెళ్లి సాయంత్రానికి ఇంటికి వచ్చేస్తున్నారు. ఒంటి మీద కట్టు లేదు, కుట్టు లేదు. పలకరించడానికి వచ్చినవారికి చూపించడానికి కూడా ఏమీ లేదు. కనుక ఏమీ జరగలేదని అనుకుంటున్నారు. చిక్కు అక్కడే వస్తున్నది.

నేను ఎండోస్కోపీ వైద్యుడిని కాను. కత్తి పట్టిన పాతకాలపు సర్జన్ని. 1975లో విశాఖపట్నం కింగ్ జార్జి ఆసుపత్రిలో సర్జరీ పి.జి. విద్యార్థిగా ఉన్నప్పుడు మాకు ఎక్కించిన మొదటి పాఠం, పొట్ట తెరవడం ఎవరైనా తెరుస్తారు, మూయడం చూసి సర్జన్ ఎవరో చెప్పవచ్చునని. పేగు కుట్టేటప్పుడు లోపలి వరుస క్యాట్‌గట్‌తోను, బయటి వరుస సిల్కు దారంతోను వేసేవాళ్లం. క్యాట్‌గట్ అంటే పేరు చూసి పిల్లి పేగు అనుకుంటారు. కాదు, గొర్రె పేగు నుంచి తీసిన దారం. కొన్ని వారాలకు శరీరంలో కలిసిపోతుంది.

పేగు గోడకు నాలుగు పొరలు ఉంటాయి. అరటిబోదెను అడ్డంగా కోస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అన్నిటికంటె లోపల, మనం తిన్నది తగిలే మెత్తని పొర. దాని వెనుక రక్తనాళాలు పరచుకున్న పీచు పొర. ఆ తరువాత కండర పొర. అన్నిటికీ పైన పల్చగా, నున్నగా, తడిగా ఉండే పొర. పేగు బలమంతా ఆ రెండవదైన పీచు పొరలో ఉంది. సూది దానిని పట్టకపోతే ఆ కుట్టు నిలవదు. ఇక 1826లో ఫ్రాన్సులో లాంబేర్ అనే సర్జన్ ఒక సూత్రం చెప్పాడు. పేగు అంచులను లోపలికి మడిచి, బయటి పొరకు బయటి పొరనే ఆనించి కుట్టాలి, అప్పుడు అది త్వరగా అతుక్కుంటుంది అని. ఇది మాకు వేదవాక్కు. నేను సర్వీసులో ఉన్నంతకాలం ఎన్ని పేగులు కుట్టానో లెక్క లేదు గాని, ఈ సూత్రం తప్పి కుట్టింది లేదు.

గొట్టంతో పనిచేసే డాక్టరుకు ఈ సౌకర్యం లేదు. అతను పేగు లోపల ఉన్నాడు. బయటి పొర అతనికి కనపడదు, చేతికి అందదు. రెండు చేతులతో ముడి వేసే వీలు లేదు. అతని చేతిలో ఉన్నదల్లా సుమారు మూడు మిల్లీమీటర్ల సందు. ఏ పనిముట్టయినా ఆ సందులోంచి దూరి వెళ్లవలసిందే. మాకు ఒక్క నిమిషం పట్టే కుట్టు అతనికి సంవత్సరాల తరబడి సమస్య అయి కూర్చున్నది.

కోయడం మాత్రం ముందే నేర్చుకున్నారు. 1969లో న్యూయార్కులో డాక్టర్ వుల్ఫ్, డాక్టర్ షిన్యా అనే ఇద్దరు పెద్దపేగులోకి గొట్టం పంపించి, వైరు ఉచ్చు బిగించి, కరెంటుతో కాల్చి పాలిప్‌ను కోసి తీశారు. అంతకుముందు అదే పనికి పొట్ట కోయవలసి వచ్చేది. ఇప్పుడు పెద్ద పాలిప్ అయితే దాని అడుగున మందునీరు ఎక్కించి, పొరను బొబ్బలాగ పైకి లేపి, ఆ తరువాత ఉచ్చు వేస్తారు. కండర పొర దెబ్బ తినకుండా అదొక జాగ్రత్త. అయినా అక్కడ పుండు మిగులుతుంది. అది కత్తి గాయం కాదు, కాలిన గాయం. ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి, దీనితో ముందు పని ఉంది.

మూసే పనిముట్టు విషయంలో మన పూర్వులను తలుచుకోవలసిన సందర్భం ఒకటి ఉంది. సుశ్రుత సంహితలో పేగు చిరిగినప్పుడు చేయవలసిన చికిత్స ఒకటి చెప్పారు. చిరుగు అంచులు దగ్గరకు తెచ్చి, పెద్ద నల్ల చీమల చేత కరిపించి, మొండెం తుంచివేసి తలలు అలాగే ఉంచి పేగును లోపల పెట్టమని. చీమ దవడలే కుట్లు! మా రోజుల్లో దీనిని వినోదంగా చెప్పుకునేవాళ్లం. ఈనాడు ఎండోస్కోపీ డాక్టరు వాడే క్లిప్పును చూస్తే నాకు ఆ చీమ తలే గుర్తుకు వస్తుంది. ఆ క్లిప్పు సుశ్రుతుడి దగ్గర నుంచి వచ్చిందని నేను అనడం లేదు. అటువంటి మాటలు సభల్లో చప్పట్లకు పనికివస్తాయి గాని నిజం కాదు. 1970ల మధ్యలో జపాను వాళ్లు తమంత తాము తయారుచేసుకున్నదే అది. రెండు చిన్న లోహపు దవడలు ముడుచుకుని గొట్టంలోంచి వెళతాయి, గాయం దగ్గర తెరుచుకుంటాయి, రెండు అంచులను కరిచి పట్టుకుంటాయి, వెనుక ఉన్న తీగ తెగిపోతుంది. మొదట్లో రక్తం కారే నాళాన్ని పట్టడానికే వాడారు. తరువాత ఒక మూల నుంచి మొదలుపెట్టి, సంచికి జిప్పు లాగినట్లు వరుసగా క్లిప్పులు పెట్టి గాయాలను మూయడం మొదలుపెట్టారు.

లాంబేర్ సూత్రం ప్రకారం ఇది నిలవకూడదు. క్లిప్పు లోపలి పొరలను లోపలి పొరలకు కలుపుతున్నది. అయినా చిన్న గాయాల్లో నిలుస్తున్నది. కారణమేమంటే, క్లిప్పు చేసేది తాత్కాలికంగా తలుపు దగ్గరకు వేయడమే, గొళ్లెం పెట్టేది శరీరం. లోపలి పొర కణాలు మూడు నుంచి అయిదు రోజులకొకసారి కొత్తవి పుడుతూ ఉంటాయి, అంచుల నుంచి పాకుతూ వస్తాయి. బయటి వైపు చిల్లు పడితే పొట్టలో పేగుల మీద కప్పుకుని ఉండే కొవ్వు పొర వచ్చి అక్కడ అతుక్కుంటుంది. రూథర్‌ఫర్డ్ మారిసన్ అనే ఇంగ్లండు సర్జన్ దానికి పొట్టలోని పోలీసు అని పేరు పెట్టాడు. ఎక్కడ గొడవ జరిగితే అక్కడికి తానే చేరుతుందని. (మన ఊరి పోలీసుల గురించి నేనేమీ అనడం లేదు. ముందు వరుసలో రిటైర్డ్ సర్కిల్ గారు కూర్చుని ఉన్నారు.)

ఇక్కడ మన హైదరాబాదు ప్రస్తావన వస్తుంది. 2004 ప్రాంతంలో డాక్టర్ నాగేశ్వరరెడ్డి గారు, డాక్టర్ జి.వి. రావు గారు ప్రపంచమంతా తిరిగి చూసిన పని ఒకటి చేశారు. రోగికి పొట్ట మీద చర్మం తీవ్రంగా కాలి ఉంది, కోత పెట్టే చోటు లేదు. నోటి ద్వారా గొట్టం పంపి, జీర్ణాశయం గోడకు కావాలనే రంధ్రం చేసి, ఆ రంధ్రంలోంచి పొట్టలోకి వెళ్లి అపెండిక్సు తీశారు. ఆ 2004లోనే అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ వారు ఇదే దారిన జంతువుల మీద చేసిన ప్రయోగాలు ప్రచురించారు. ఇక ఒంటి మీద గాటు అనేదే ఉండదని అందరూ ఉత్సాహపడ్డారు. మా సర్జన్లలో కొందరు ఇక మనకు పని లేదని దిగులు కూడా పడ్డారు.

అలా జరగలేదు. అడ్డుపడిన పెద్ద ప్రశ్నల్లో ఒకటి ఈ మూయడమే. అపెండిక్సు కోసం ఆరోగ్యంగా ఉన్న జీర్ణాశయానికి చిల్లు పెట్టి, ఆ చిల్లు ఒక్కసారి సరిగా మూసుకోకపోతే? పొట్ట మీద మూడు చిన్న గాట్లతో ల్యాప్రోస్కోపీలో హాయిగా జరిగే పనికి అంత సాహసం ఎందుకు? నా ఉద్దేశంలో ఆ ప్రశ్న న్యాయమైనదే. ఆ శస్త్రచికిత్స ఊరూరా వ్యాపించలేదు. కాని ఆ చిల్లు మూయడానికి పడిన తపన వృథా పోలేదు. నికెల్, టైటానియం కలిపిన లోహంతో జర్మనీ వాళ్లు ఒక క్లిప్పు చేశారు. ఇది సందులోంచి పోదు, గొట్టం కొసకు టోపీలాగ తొడుగుతారు. గాయాన్ని ఆ టోపీలోకి పీల్చి వదలగానే ఎలుగుబంటి పంజాలాగ గోడ మందమంతా పట్టుకుంటుంది. అమెరికాలో వంకర సూదితో లోపలే నిజమైన కుట్టు వేసే పరికరం వచ్చింది. 2008లో జపానులో డాక్టర్ ఇనోవె అన్నవాహిక లోపలి పొరకు చిన్న గాటు పెట్టి, రెండు పొరల మధ్య సొరంగం చేసుకుంటూ వెళ్లి, మింగుడు పడని జబ్బుకు బిగుసుకుపోయిన కండరాన్ని కోసి, వెనక్కు వచ్చి గుమ్మం దగ్గర క్లిప్పులు పెట్టాడు. ఇందులో గొప్ప తెలివి ఉంది. కండరం కోసిన చోటు ఒకటి, లోపలి పొరకు గుమ్మం పెట్టిన చోటు మరొకటి. రెండూ ఎదురెదురుగా లేవు కనుక మధ్య పొరే తలుపులా మూసుకుంటుంది. ఈ చికిత్స ఇప్పుడు హైదరాబాదులో విరివిగా చేస్తున్నారు.

పూర్వం పాలిప్ తీస్తుంటే పేగుకు చిల్లు పడిందంటే మాకు కబురు వచ్చేది, రాత్రికి రాత్రి పొట్ట తెరిచేవాళ్లం. ఈనాడు చిల్లు అప్పటికప్పుడు కనిపెడితే, పేగు శుభ్రంగా ఉంటే, చాలావరకు గొట్టంతోనే మూసేస్తున్నారు. ఉత్త పరీక్షకే అయితే చిల్లు పడడం వెయ్యికి ఒకటికన్నా తక్కువ. కనుక ఎవరూ భయపడి పరీక్ష మానవద్దు. మాని కాన్సరు ముదిరిన తరువాత వచ్చినవారిని నేను చాలామందిని చూశాను.

చిల్లుకన్నా ఎక్కువగా వచ్చేది ఆలస్యంగా వచ్చే రక్తస్రావం. 2019లో ప్రచురించిన ఒక పెద్ద పరిశీలనలో రెండు సెంటీమీటర్లు, అంతకు మించిన పాలిప్‌లు తీసిన తరువాత గాయాన్ని క్లిప్పులతో మూసినవారిలో నూటికి సుమారు మూడున్నర మందికి, మూయకుండా వదిలినవారిలో ఏడుగురికి తరువాత రక్తం పోయింది. పెద్దపేగు కుడివైపున తీసిన వారిలో తేడా ఇంకా ఎక్కువ. అంటే క్లిప్పు ఉపకారమే, కాని క్లిప్పు ఉన్నా ముగ్గురు నలుగురికి రక్తం పోయింది అని కూడా చదువుకోవాలి. చిన్న పాలిప్‌లకు క్లిప్పులతో పని లేదు. నాకు క్లిప్పు ఎందుకు పెట్టలేదని డాక్టరుతో తగువు పెట్టుకోవద్దు.

మన సభ్యుల్లో ఒకరు, హెడ్మాస్టరుగా రిటైరయినవారు, పేరు చెప్పను. ఆయనకు పెద్ద రేగిపండంత పాలిప్ తీశారు. ఆయనకు అంతకుముందే గుండెకు స్టెంటు ఉంది, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారు. సాయంత్రానికి ఇంటికి పంపారు. చేతికి ఇచ్చిన కాగితంలో జాగ్రత్తలు మూడు పంక్తులు, అదీ ఇంగ్లీషులో, అదీ డాక్టరు చేతిరాతలో. వెంట ఉన్న భార్యకు ఎవరూ నోటితో ఒక్క ముక్క చెప్పలేదు. వారం రోజులు హాయిగా ఉన్నారు. ఎనిమిదో రోజున మనవడి ఒడుగుకని బస్సెక్కారు. ఆ రాత్రి పెళ్లివారి సత్రంలో మూడు గంటలకు విరేచనానికి వెళితే రక్తం. మొలలు కాబోలు అనుకున్నారు. ఒడుగువారింట ఎవరినీ లేపడం ఇష్టంలేక మళ్లీ పడుకున్నారు. తెల్లవారేసరికి మూడుసార్లు వెళ్లారు. కాఫీ తెచ్చిన భార్య ఆయన నుదురు ముట్టుకుని, చెమట చల్లగా ఉందని చూసి, అప్పుడు కేకవేసింది. ఆసుపత్రిలో రెండు సీసాల రక్తం ఎక్కించి, మళ్లీ గొట్టం పంపి, ఆ నాళాన్ని క్లిప్పుతో పట్టారు. ఇప్పుడు బాగానే ఉన్నారు, బహుశా ఈ సభలోనే ఉన్నారు. కాని ఆ ఇల్లాలు రెండు గంటలు ఆలస్యంగా లేచి ఉంటే ఏమయ్యేదో నేను చెప్పనక్కరలేదు.

ఎనిమిదో రోజే ఎందుకు అంటే, ఇందాక చెప్పిన మాట ఉంది కదా, అది కాలిన గాయం. కాలిన గాయం మీద చెక్కు కడుతుంది. ఆ చెక్కు కొన్నాళ్లకు ఊడుతుంది. ఊడేటప్పుడు కింద రక్తనాళం నోరు తెరిచి ఉంటే రక్తం చిమ్ముతుంది. మొదటి రెండు వారాలు ఈ ప్రమాదం ఉంటుంది, అరుదుగా నెలదాకా. ఆ రెండు వారాలు మందు దొరకని చోటికి ప్రయాణం పెట్టుకోకూడదు. తీర్థయాత్రలు, శుభకార్యాలు, అమెరికా ప్రయాణాలు ఏవైనా ముందు చేసుకోండి, లేదా తరువాత చేసుకోండి. పాలిప్ తీయించుకోవడానికి ముహూర్తం అక్కరలేదు గాని క్యాలెండరు అవసరమే.

ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటివి వాడుతున్నవారు ఎవరి మాటా వినకుండా సొంతంగా ఆపకండి. స్టెంటు పెట్టిన కొత్తలో ఆపితే స్టెంటు మూసుకుపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఆపకుండా ఉంటే పేగులో రక్తం పోవచ్చు. ఏది ఎన్ని రోజులు ఆపాలో, మళ్లీ ఏ తేదీన మొదలుపెట్టాలో గుండె డాక్టరు, ఎండోస్కోపీ డాక్టరు ఇద్దరూ కలిసి చెప్పాలి. ముఖ్యంగా మొదలుపెట్టే తేదీ. ఆపమన్నవారు చెప్పారు, మొదలుపెట్టమని ఎవరూ చెప్పలేదంటూ నెల రోజులు ఊరుకున్నవారు ఉన్నారు.

ఇంట్లోవారు చూడవలసినవి ఎక్కువ లేవు. విరేచనం తారులాగ నల్లగా జిగటగా వచ్చినా, ఎర్రగా గడ్డలు పడినా, కళ్లు తిరిగినా వెంటనే ఆసుపత్రికి. (ఐరన్ మాత్రలు వేసుకునేవారికి మామూలుగానే నల్లగా వస్తుంది, అది వేరు.) పొట్ట చెక్కలాగ గట్టిపడి, కదిలితే నొప్పి, జ్వరం, భుజంలోకి పోటు ఉంటే అది గ్యాసు కాదు. వాము నమిలించి తెల్లవారేదాకా ఆగవద్దు. జీర్ణాశయంలో కోత జరిగినవారికి కొన్ని వారాలు పాంటాప్రజోల్ వంటి మాత్ర ఇస్తారు. దానిని మనవాళ్లు గ్యాసు మాత్ర అంటారు, గ్యాసు లేదు కనుక అక్కరలేదని నాలుగో రోజే మానేస్తారు. అది లోపలి పుండు మీద యాసిడ్ పడకుండా ఇచ్చిన కాపు. చెప్పినన్నాళ్లూ వేసుకోవాలి.

ప్రోస్టేటుకు మూత్రమార్గం గుండా చేసే ఆపరేషను సంగతీ ఇదే. అక్కడ ఒక్క కుట్టూ వేయరు, వేయడానికి వీలూ లేదు. తొక్క ఉండి లోపలి తొన తీసేసిన నారింజపండులాగ మిగులుతుంది. ఆ పచ్చి గుంట మీద కొత్త పొర పరచుకోవడానికి నెల పైన పడుతుంది. పది, పదిహేను రోజులకు చెక్కు ఊడేటప్పుడు మూత్రంలో కాస్త రక్తం కనిపించడం ఉన్నదే, నీళ్లు ఎక్కువ తాగితే తేరుకుంటుంది. గడ్డలు పడి మూత్రం బిగిస్తే మాత్రం ఆగకూడదు. కొందరు పన్నెండో రోజున స్కూటరు మీద లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి బయలుదేరతారు. స్కూటరు వద్దు, బిందెలు ఎత్తవద్దు, మలబద్ధకంతో ముక్కవద్దు.

కొన్ని గాయాలను కావాలని మూయరు. పిత్తనాళంలో రాయి తీయడానికి ఆ నాళం మూతిని కోస్తారు. 1974లో జపానులో, జర్మనీలో మొదలైన పద్ధతి ఇది. ఆ కోతను మూస్తే మళ్లీ అడ్డమే కనుక తెరిచే ఉంచుతారు. పక్షవాతం వచ్చి మింగలేనివారికి పొట్ట మీద నుంచి జీర్ణాశయంలోకి పెట్టే గొట్టం 1979లో క్లీవ్‌లాండులో మొదలైంది. అక్కడ దారి గట్టిపడడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ లోపల గొట్టం ఊడివస్తే ఇంట్లో మళ్లీ దోపకూడదు. అది జీర్ణాశయంలోకి కాక పొట్టలోకి పోవచ్చు. పాతదే అయినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి, ఎందుకంటే గొట్టం లేకపోతే ఆ దారి గంటల్లోనే మూసుకోవడం మొదలుపెడుతుంది. మూయమన్నచోట మూసుకోక, వద్దన్నచోట మూసుకుంటుంది మన శరీరం.

కార్యదర్శి గారు చీటీ పంపారు, టైము అయిందని కాదట, ఎవరో సోదరి ప్రశ్న రాశారు. తన భర్తకు పెట్టిన క్లిప్పు ఎన్నాళ్లుంటుంది, ఊడిపోతే మళ్లీ పెట్టించాలా అని. అక్కరలేదమ్మా. మామూలు క్లిప్పు గాయం మానిన తరువాత కొన్ని వారాల్లో తానే ఊడి విరేచనంలో పోతుంది, మీకు తెలియను కూడా తెలియదు. కొన్ని మాత్రం నెలల తరబడి ఉండిపోతాయి, దానివల్ల హాని లేదు. ఒక్క సందర్భంలో మాత్రం జాగ్రత్త. నడుము నొప్పికో తలనొప్పికో ఎం.ఆర్.ఐ. తీయించవలసి వస్తే, ఫలానా తేదీన క్లిప్పులు పెట్టారని ముందే చెప్పండి. ఇప్పటి క్లిప్పులలో చాలావాటికి షరతులతో అనుమతి ఉంది, కొన్ని రకాలకు లేదు. ఏ రకమో డిశ్చార్జి కాగితంలో రాయించుకోండి. రాయలేదంటే, ఒక మామూలు ఎక్స్‌రే తీస్తే క్లిప్పు ఉన్నదీ లేనిదీ తెలిసిపోతుంది.